హెచ్ఆర్ ఉద్యోగానికి విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో హెచ్ఆర్ అధికారిగా చేరానని, అందరూ హాజరు రాసే గుమాస్తాగానే చూస్తున్నారని రాశారు. కార్మిక ప్రమాణాలు, వాటి అమలును తనిఖీ చేసే ఆడిట్‌లు మన వృత్తికి విలువ తెస్తాయా అని అడిగారు. తెస్తాయి. ఇదే జిల్లాలో, ఇదే పరిశ్రమలో పర్సనెల్ మేనేజరుగా (ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారిగా) పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

వైద్యులకు, న్యాయవాదులకు ఉన్నట్టు మనకు నమోదు మండలి లేదు. ఏ అర్హతా లేని బంధువును కూడా యజమాని రేపు ఆ కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. ఫ్యాక్టరీల్లో కార్మికుల బాగోగులు చూసే సంక్షేమాధికారి పదవి మాత్రం అలాంటిది కాదు. 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఆ అధికారి ఉండి తీరాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ చెప్పింది. అర్హతలు, విధులు, ఉద్యోగ షరతులు నిర్ణయించే పని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది. మన పనికి చట్టం ఇచ్చిన గట్టి పునాది ఇదే.

కాగితం మీది హోదా షెడ్డులో నిలబడటం వేరే సంగతి. పట్టుబడుల సీజనులో లారీలు బారులు తీరతాయి, రొయ్య ఎవరి కోసమూ ఆగదు. కావలి, అల్లూరు వైపు నుంచి బస్సుల్లో వచ్చే ఆడవాళ్లు తలలు తీస్తూ, పొట్టు ఒలుస్తూ షిఫ్టు దాటినా నిలబడే ఉండేవారు. ఓవర్‌టైముకు రెట్టింపు వేతనం చట్టం ఇచ్చిన హక్కు. మా దగ్గర అది వాళ్లను పనికి తెచ్చే కాంట్రాక్టరును దాటి కిందికి వచ్చేది కాదు. అడిగితే ప్రొడక్షన్ మేనేజరు 'సీజను అయ్యాక చూద్దాం' అనేవారు. విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిట్ ఉందని తెలియగానే ఆయనే నా గదికి వచ్చి, గంటలు తగ్గించి ఇంకో మస్టరు (హాజరు, పని గంటల పట్టీ) రాయమన్నారు. నేను రాయలేదు.

ఆడిటరు మమ్మల్ని బయటికి పంపి ఆడవాళ్లతో విడిగా మాట్లాడారు. వాళ్లు చెప్పిన గంటలు, నా మస్టరులోని గంటలు ఒకటే. లోపాన్ని లోపంగానే నమోదు చేసి, సరిదిద్దడానికి గడువిచ్చారు. బకాయిలు కార్మికుల బ్యాంకు ఖాతాల్లో పడ్డాయి. అప్పటి నుంచి షిఫ్టుల పట్టిక వేసేటప్పుడు నన్ను కూర్చోబెట్టుకుని వేశారు. దొంగ మస్టరుతో ఆడిట్ గట్టెక్కి ఉండవచ్చు, కానీ ఆ ఆడవాళ్లకు నేను కాంట్రాక్టరు మనిషిగా మిగిలేవాణ్ణి. ఆడిట్‌కు వారం ముందు ఫైళ్లకు సింగారం చేసే హెచ్ఆర్‌లను చూస్తే నాకు కోపం వస్తుంది. వృత్తి పరువు తీస్తున్నది వాళ్లే.

ముందుగా మీ నియామక పత్రం తీసి, మీరు ఎవరికి జవాబుదారీయో చూడండి. ప్రొడక్షన్ మేనేజరుకైతే, వేతనాలు, పని గంటల విషయంలోనైనా నేరుగా యాజమాన్యానికి నివేదించే ఏర్పాటును రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టరు మస్టరును నెలాఖరుకు కాకుండా ఏ రోజుకా రోజు తెప్పించుకోండి.