ప్యానెల్ మీటరు కాదు, ప్లగ్ దగ్గర చూడు

నాయనా,

నీ ఉత్తరం అందింది. పెద్ద లోడ్ పడగానే విమానం గ్రౌండ్ పవర్‌ని వదిలేస్తోందని, జీపీయూ (నేల మీదున్న విమానానికి కరెంటిచ్చే యంత్రం) ప్యానెల్ మీద మాత్రం 115 వోల్టులు కదలకుండా ఉన్నాయని రాశావు. జబ్బు ఆ రెండో మాటలోనే ఉంది. నిండు లోడ్‌లో మెషీన్ దగ్గర సరిగ్గా 115 ఉంటే కేబుల్ అవతలి కొసన అంత ఉండదు. విమానానికిచ్చే కరెంటు 400 హెర్ట్జ్‌ది. అక్కడ తీగ రియాక్టెన్స్ (ఏసీ కరెంటు మారుతుంటే తీగ చూపే ఎదురు) 50 హెర్ట్జ్‌తో పోలిస్తే ఎనిమిది రెట్లు. ఇంకెక్కడైనా లెక్కలోకి రాని పొడవు ఇక్కడ వోల్టులు తినేస్తుంది. ఆ పోయినదాన్ని కరెంటును బట్టి ముందే కలిపి పంపడమే కాంపెన్సేషన్ పని.

సెట్ చేసేముందు కాంపెన్సేషన్ నాబ్‌ని పూర్తిగా సున్నాకు తిప్పు. రోజూ వాడే కేబుల్‌నే తగిలించు, పొట్టిది దొరికింది కదా అని దాంతో కానివ్వకు. లోడ్ లేకుండా ప్లగ్ కొసన 115 వచ్చేలా వోల్టేజ్ అడ్జస్ట్ చెయ్యి. తర్వాత లోడ్ బ్యాంకులో, అంటే విమానం బదులు తగిలించే పరీక్ష లోడ్‌లో, నిండు లోడ్ వేసి (90 కేవీఏ యూనిట్‌కి ఫేజ్‌కి దాదాపు 260 ఆంపియర్లు), కొసన మళ్ళీ 115 వచ్చేదాకా కాంపెన్సేషన్ పెంచు. రీడింగ్ లోడ్ బ్యాంక్ టెర్మినళ్ల దగ్గరే తీసుకో. కరెంటున్న ప్లగ్‌లో ప్రోబులు గుచ్చే అలవాటు నాకూ ఉండేది, నువ్వు చేసుకోకు.

లోడ్ బ్యాంక్ హీటర్‌లా ఉత్త రెసిస్టివ్‌దైతే మోసపోతావు. తీగలో పోయేది ఎక్కువగా రియాక్టెన్స్ వల్ల. రెసిస్టివ్ లోడ్‌కి ఆ భాగం పెద్దగా బయటపడదు. మోటార్లున్న లోడ్‌లా 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో చూస్తేనే అసలు లోటు తెలుస్తుంది. రెసిస్టివ్ లోడ్‌తో సరిగ్గా కుదిర్చిన సెట్టింగ్ మోటార్లు, పంపులు ఉన్న విమానం తగిలినప్పుడు చాలదు. నీ కేసు ఇదేనని నా అనుమానం.

అలాగని అతిగా పెంచితే వేరే తలనొప్పి. పెద్ద లోడ్ ఒక్కసారిగా తెగినప్పుడు వోల్టేజ్‌ని నిలిపే రెగ్యులేటర్ తగ్గించేలోపు అది ఎగురుతుంది, ఓవర్ వోల్టేజ్ ట్రిప్ పడుతుంది. కాబట్టి నిండు లోడ్‌ని నాలుగైదుసార్లు తీసి వేసి చూడు. విమానాల కరెంటుకు అమెరికా సైనిక ప్రమాణమైన మిల్-స్టాండర్డ్-704 ప్రకారం మామూలు స్థితిలో 108 నుంచి 118 వోల్టుల మధ్య ఉండాలి. ఒకే రెగ్యులేటర్ మీద రెండు ఔట్‌పుట్లుంటే ఒక విమానం గట్టిగా లాగుతున్నప్పుడు, తేలిగ్గా ఉన్న రెండో ప్లగ్‌లో వోల్టేజ్ 118 దాటకుండా చూడాలి. అలాంటిదానికి కాంపెన్సేషన్ కాస్త తక్కువే నయం.

మూడు ఫేజ్‌ల్లో ఒక్కటే బాగా పడిపోతే నాబ్ జోలికి వెళ్ళకు. ప్లగ్ పట్టుకుని చూడు, వేడెక్కి ఉంటే కాంటాక్ట్ అరిగింది. దాన్ని మార్చాలి. ఆ లోపాన్ని కప్పిపుచ్చాలని కాంపెన్సేషన్ పెంచితే మిగతా రెండు ఫేజ్‌లూ పైకి పోతాయి.

ఇంకో ముచ్చట. నేనొకసారి పొద్దంతా కూర్చుని సెట్ చేసి వెళ్ళాను. నైట్ షిఫ్ట్ కుర్రాడికి లోడ్‌లో ప్యానెల్ మీద 122 కనిపించింది. ఎక్కువైందనుకుని 115కి దించాడు. తెల్లారేసరికి రెండు విమానాలు పవర్ వదిలేశాయి. అతని తప్పేం లేదు, నేనే ఒక్క ముక్క రాసి పెట్టలేదు. అప్పటినుంచి ప్యానెల్ మీద కాగితం అంటిస్తున్నాను: ఏ కేబుల్‌తో సెట్ చేశాను, దాని పొడవెంత, నిండు లోడ్‌లో ఇక్కడ ఎంత కనిపించాలి, ప్లగ్‌లో ఎంత ఉంటుంది. నువ్వూ అంటించు.

టెస్టు చేసినప్పుడు సున్నా, సగం, నిండు లోడ్ దగ్గర మూడు ఫేజ్‌లవీ రాసి పంపు. సగం లోడ్ దగ్గర కొస వోల్టేజ్ 115కి దూరంగా ఉంటే ఇంకా వెతకాల్సింది ఉందన్నమాట.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన