దుబాయ్ ఫ్లాటుకు టోకెన్ ఇప్పుడే కట్టాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. నా వయసు 47, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి 2.5 లక్షలు వస్తాయి. నా భార్య గృహిణి. అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, అబ్బాయి తొమ్మిదో తరగతి. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 1.1 కోట్లు, శంకర్‌పల్లిలో ఒక ప్లాటు ఉన్నాయి. మాదాపూర్‌లో జరిగిన ప్రాపర్టీ మేళాలో దుబాయ్ జుమైరా విలేజ్ సర్కిల్‌లో కట్టబోయే సింగిల్ బెడ్రూమ్ ఫ్లాట్ 8 లక్షల దిర్హంలు అన్నారు. టోకెన్ 20 వేల దిర్హంలు క్రెడిట్ కార్డుతో ఇప్పుడే కట్టాలట. నెలలోపు 20 శాతం, తర్వాత నెలకు 1 శాతం. ప్లాటు తాకట్టు పెట్టి 90 లక్షల లోను తీసుకుందామనుకుంటున్నాను. డిసెంబరులో కుటుంబంతో 10 రోజులు వెళ్లి, కారు అద్దెకు తీసుకుని అన్నీ చూసొస్తాం. ఈలోపు టోకెన్ కట్టేయమంటారా?

జవాబు: వద్దండీ. డిసెంబరు ప్రయాణం మాత్రం మానకండి. మీ ప్లాన్‌లో సరిగ్గా ఉన్నది అదొక్కటే.

ముందు డబ్బు ఇక్కణ్నుంచి అక్కడికి వెళ్లే దారి చూద్దాం. ఎల్ఆర్ఎస్ అనగానే మనవాళ్లకు ప్లాటు క్రమబద్ధీకరణ గుర్తొస్తుంది. ఇది ఆర్‌బీఐ వారి ఎల్ఆర్ఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపే పథకం. దీని కింద ఒక్కో మనిషి ఏప్రిల్ నుంచి మార్చి వరకు 2.5 లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపొచ్చు, ఆస్తి కొనడానికి కూడా. బ్యాంకులో ఫారం ఏ2 నింపి, ఆస్తి కొనుగోలు కోడ్ రాసి, మీ ఖాతా నుంచే పంపాలి. మీ ప్లాన్ రెండు చోట్ల దెబ్బతింటుంది. విదేశాల్లో ఆస్తుల్లాంటి పెట్టుబడులకు పంపే డబ్బు కోసం ఇక్కడి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదు. ప్లాటు మీద లోను తీసి దుబాయ్ పంపడమంటే నిబంధనకు ఎదురెళ్లడమే. లోను కాగితాల్లో 'ఇంటి మరమ్మతులు' అని రాయిద్దామని ఏజెంట్ అంటే అక్కడితో మాట ఆపేయండి. రెండోది కార్డు. అది ప్రయాణాల్లాంటి ఖర్చులకే, స్థిరాస్తికి కాదు. మేళాలో స్వైప్ మిషన్ బల్లమీద పెట్టుకున్నంత మాత్రాన అది చట్టబద్ధం అయిపోదు. విదేశీ మారక చట్టం (ఫెమా) కింద నోటీసు వచ్చేది మీకు, వాళ్లకు కాదు.

ఇక టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను. ఏడాదిలో 10 లక్షలు దాటి పంపే ప్రతి రూపాయి మీద బ్యాంకు 20 శాతం అదనంగా వసూలు చేస్తుంది. పోయే డబ్బు కాదు, మీ పన్నులో సర్దుకుంటారు. ఆఫీసులో ముందే చెబితే జీతంలో కోసే టీడీఎస్ ఆ మేరకు తగ్గిస్తారు. కానీ అప్పటికప్పుడు చేతిలో నుంచి కదలాల్సిందే. లెక్కకు దిర్హం 24 రూపాయలనుకుందాం. నెలకు 1 శాతం అంటే 8 వేల దిర్హంలు, అంటే 1.92 లక్షలు. 10 లక్షల పరిమితి దాటాక టీసీఎస్‌తో కలిపి 2.3 లక్షలు. మీ జీతం 2.5 లక్షలు! 'నెలకు ఒక్క శాతమే' అన్నప్పుడు చిన్నగా వినిపిస్తుంది, రూపాయల్లో రాసుకుంటే తెలుస్తుంది. అమ్మాయి బీటెక్ ఫీజు కూడా అదే ఏడాది మొదలవుతుంది.

భార్య పేరు మీద కూడా పంపితే మరో 10 లక్షలకు టీసీఎస్ ఉండదు. అయితే ఆస్తిలో ఆమె పేరు ఉండాలి, లేకుంటే ఇద్దరి పరిమితులూ కలపనివ్వరు. ఆమె టీసీఎస్ వెనక్కి రావాలంటే ఆమె రిటర్ను వేయాలి. డబ్బు మీదే కాబట్టి ఆ వాటా అద్దె మీ ఆదాయంలోనే కలుస్తుంది.

'8 శాతం రాబడి, పన్ను లేదు' అని మేళాలో చెప్పే ఉంటారు. పన్ను లేనిది దుబాయ్‌లో, మీకు కాదు. భారత్‌లో నివాసి ఎక్కడ సంపాదించినా ఇక్కడ పన్ను కట్టాలి. అదే ధరకు సిద్ధంగా ఉన్న ఫ్లాటుకు ఒకసారి లెక్క వేద్దాం. దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం, అంటే 32,000 దిర్హంలు. ఏజెంటుకు 2 శాతం, దానిపై వ్యాట్ కలిపి 16,800. రిజిస్ట్రేషన్ చేసిపెట్టే కార్యాలయానికి (ట్రస్టీ) వ్యాట్‌తో 4,200, పట్టా కాగితానికి 580. మొత్తం దాదాపు 8.54 లక్షల దిర్హంలు. బిల్డర్ ఎన్‌ఓసీ ఖర్చు దీనికి అదనం. ఏడాది అద్దె 60,000 అనుకుని, నెల ఖాళీ తీసేస్తే 55,000. సర్వీస్ చార్జి చదరపు అడుగుకు 15 చొప్పున 750 అడుగులకు 11,250. చూసుకునే ఏజెన్సీకి 6 శాతం, 3,300. మిగిలేది 40,450. ఇక్కడి పన్నులో సర్వీస్ చార్జికి విడిగా మినహాయింపు రాదు, అద్దెలో 30 శాతం గంపగుత్తగా తీసేస్తారు. మిగతా 38,500 మీద 31.2 శాతం, అంటే 12,000. చివరకు చేతిలో పడేది 28,400 దిర్హంలు, పెట్టిన డబ్బు మీద 3.3 శాతం. దిర్హం 1997 నుంచి డాలరుకు 3.6725 వద్ద కట్టేసి ఉంది, కాబట్టి రూపాయి బలహీనపడితే లాభం మీకే. ఆ ఒక్క కారణంతో కొనేవాళ్లను నేను తప్పు పట్టను. అద్దె కోసమైతే మాత్రం వద్దు.

రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి, ఐటీఆర్-1 పనికిరాదు. వదిలేస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 20 లక్షలలోపు ఆస్తులకు ఇచ్చిన సడలింపు స్థిరాస్తికి వర్తించదు.

ఇప్పుడు డిసెంబరు సంగతి. కడుతున్న ప్రాజెక్టు అయితే అక్కడి ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వారి దుబాయ్ రెస్ట్ యాప్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి, ఎంత శాతం పూర్తయిందో చూడండి. డబ్బు ఆ ప్రాజెక్టు పేరిట ఉన్న ఎస్క్రో ఖాతాకే (ఆ ప్రాజెక్టుకే వాడాల్సిన ప్రత్యేక ఖాతా) వెళ్లాలి, బిల్డర్ మామూలు ఖాతాకు కాదు. అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్ ఫ్లాట్లతో దెబ్బ తిన్న హైదరాబాదీలకు ఇది వివరించక్కర్లేదు. సైటుకు ఏజెంట్ కారులో వెళ్లకండి. అందుకే మీ అద్దె కారు ఆలోచన నాకు నచ్చింది. పొద్దున 8 గంటలకు జుమైరా విలేజ్ సర్కిల్ నుంచి నగరం ప్రధాన రహదారి షేక్ జాయెద్ రోడ్డుకు బయల్దేరి ఎంతసేపు పడుతుందో చూడండి. రాత్రి 9కి తిరిగొచ్చి, పక్కన రెండు మూడేళ్ల కిందట పూర్తయిన భవనాల్లో ఎన్ని కిటికీల్లో దీపాలున్నాయో లెక్కపెట్టండి.

కారుకు మన లైసెన్సు ఒక్కటే చాలదు. మీ ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోండి, ఏడాది చెల్లుతుంది. వీసా కాపీ కూడా అడుగుతారు కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. ఈ పర్మిట్ టూరిస్టులకే. 20 లక్షల దిర్హంల ఆస్తితో గోల్డెన్ వీసా (దీర్ఘకాల నివాస వీసా) తీసుకున్నవాళ్లు అక్కడి లైసెన్సు తెచ్చుకోవాల్సిందే. కారు అద్దెకు మాత్రం క్రెడిట్ కార్డు నిశ్చింతగా గీకండి, డిపాజిట్ దానిమీదే పట్టుకుంటారు. ఫైన్లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి దాన్ని కొన్ని వారాలు వదలరు, మీ లిమిట్‌లో ఆ మేరకు చోటు ఉంచుకోండి. తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీయండి. చిన్న గీత పడ్డా పోలీసు రిపోర్టు ఉండాలి, లేకపోతే బీమా పనిచేయదు, ఖర్చంతా మీదే. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. సాలిక్ టోల్ గేటుకు 4 దిర్హంలు, పనిరోజుల్లో పొద్దున 6-10, సాయంత్రం 4-8 మధ్య 6. అద్దె సంస్థ పైన తన చార్జీ వేస్తుంది. దుబాయ్‌లో స్పీడ్ బోర్డు మీద 20 కిలోమీటర్లు దాటితేనే కెమెరా ఫైన్ పడుతుంది, అబుదాబిలో ఆ వెసులుబాటు లేదు. వెనక సీట్లో పిల్లలు కూడా బెల్టు పెట్టుకోవాలి, లేదంటే 400 దిర్హంలు.

తిరిగొచ్చాక కూడా కొనాలనే అనిపిస్తే, బీటెక్ నాలుగేళ్ల ఫీజు, ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టి, లోను లేకుండా మిగిలే డబ్బెంతో రాయండి. నా అంచనా అది 50 లక్షలకు అటూఇటూగా ఉంటుంది. అంతలో ఈ ఫ్లాటు రాదు.