స్మారక స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు: బరంపురం, పర్లాకిమిడి పిల్లలకు

ప్రశ్న: అమెరికాకు వలస వచ్చిన ఒక దౌత్యవేత్త పేరు మీద మా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ ఉంది. ఒడిశా నుంచి వచ్చిన తెలుగువాళ్లం మేము పెట్టుకోవచ్చా? ఏం రాయాలి?

ముందు అర్హత చూసుకోండి. ప్రకటనలో "వలసవచ్చినవారికి" అని ఉన్నంత మాత్రాన ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లందరికీ అని కాదు. వలసవచ్చినవాళ్లకు, వాళ్ల పిల్లలకు ఉద్దేశించిన పాల్ అండ్ డెయిజీ సోరోస్ ఫెలోషిప్ 90 వేల డాలర్ల దాకా ఇస్తుంది గానీ, ఇండియాలో డిగ్రీ చేసి ఎఫ్-1 మీద వచ్చినవాళ్లకు వర్తించదు. గ్రీన్‌కార్డు వచ్చాక, వయసు 30 దాటకపోతే చూసుకోవచ్చు. యూనివర్సిటీ సొంత నిధి అయితే షరతుల పత్రం డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి తీసుకోండి. వెబ్‌సైట్‌లో ఉండేది దాని సారాంశమే.

అసలు పని వ్యాసం దగ్గరే. ఇవి కేవలం మార్కుల పోటీ కావు. కమిటీలో ఆ మనిషి కుటుంబసభ్యులో, శిష్యులో ఉండవచ్చు. "ఆయన నాకు స్ఫూర్తి" అన్న వాక్యం వాళ్లు ప్రతి దరఖాస్తులోనూ చదివే ఉంటారు. ఆయన ఏ పని చేశాడో చదివి, దానికీ మీకూ ఉన్న సంబంధం చూపించాలి. జోసెఫ్ కోర్బెల్‌నే తీసుకోండి. చెకోస్లొవేకియా దౌత్యవేత్త, కశ్మీర్ మీద ఐక్యరాజ్యసమితి వేసిన కమిషన్‌లో పనిచేశాడు. స్వదేశంలో కమ్యూనిస్టులు అధికారం పట్టాక అమెరికా చేరి డెన్వర్‌లో పాఠాలు చెప్పాడు. 1997లో అమెరికా విదేశాంగ మంత్రి అయిన మాడలిన్ ఆల్‌బ్రైట్ ఆయన కూతురే. అలాంటివాడి పేరున్న నిధికి రాసేటప్పుడు సరిహద్దు తగాదాల గురించి మనకంటే దగ్గరగా చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాలు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర పోట్లాడుకుంటున్నాయి. అక్కడ రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్లున్నారు. ఒక మనిషి చేతిలోని ఆ రెండు కార్డులతో వ్యాసం మొదలుపెట్టండి. బరంపురం పిల్లలకు ఇంకో దారి ఉంది. వి.వి.గిరి పుట్టింది అక్కడే, 1894లో. 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) మన హైకమిషనర్. అక్కడి తేయాకు తోటల్లోని భారతీయ కూలీలను ఏ దేశ పౌరులూ కానివాళ్లుగా మిగిల్చిన 1948 పౌరసత్వ చట్టం ఆయన ఉండగానే వచ్చింది. వలస, పౌరసత్వం మీద రాయడానికి ఇంతకంటే ఏం కావాలి?

500 పదాలు అడిగితే 150 మీరు చూసినదానికి, 100 ఆ దౌత్యవేత్త పనికి, మిగతా 250 మీరు చేయబోయేదానికి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో హిందీ మాట్లాడుతూ పెరిగామన్నది రాయడానికి మొహమాటపడకండి. దౌత్యం మీద పెట్టిన నిధికి అది నిజమైన అర్హత. సిఫారసు లేఖ రాసే ప్రొఫెసర్‌కి మూడు వారాల ముందే నిధి వివరాలు, మీ వ్యాసం చిత్తుప్రతి ఇవ్వండి.

మనవాళ్ల దరఖాస్తులు చిక్కుల్లో పడేది పేరు దగ్గర. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశాలో చివర రాస్తారు. చివరనున్న "రావు" ఇంటిపేరై కూర్చుంటుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒకటి, పాస్‌పోర్ట్‌లో ఇంకొకటి. దరఖాస్తులో పాస్‌పోర్ట్ పేరే రాయండి. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి. సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) కావాలంటే బరంపురం యూనివర్సిటీ ఉన్న భంజవిహార్‌కి మీ బదులు వెళ్లేవాళ్లకు సంతకం చేసిన అధికారపత్రం ముందే పంపండి. గడువు దగ్గరపడ్డాక మొదలుపెడితే అందదు.

డబ్బు వచ్చాక పన్ను. డిగ్రీ చదివేవాళ్లకు ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకు పోయిన భాగం మీద పన్ను లేదు. అద్దెకు, తిండికి వాడుకున్నదాని మీద ఉంటుంది, ఎఫ్-1 వాళ్లకు 14 శాతం ముందే పట్టుకుంటారు. 5,000 డాలర్లలో 3,000 ట్యూషన్‌కి పోతే మిగతా 2,000 మీద 280 పోతుంది. ఎంత ఇచ్చారో, ఎంత పట్టుకున్నారో చూపే 1042-ఎస్ పత్రం దాచుకోండి, 1040-ఎన్‌ఆర్ (పన్ను రిటర్న్) వేసేటప్పుడు కావాలి. భారత్-అమెరికా ఒప్పందం ప్రకారం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను వేయకుండా వదిలే నిర్ణీత మొత్తం) దొరుకుతుంది, కాబట్టి పట్టుకున్న దాంట్లో కొంతో మొత్తమో వెనక్కి రావచ్చు.

బయటి నిధి వచ్చిందని యూనివర్సిటీ తన ఫీజు రాయితీ తగ్గించే వీలూ ఉంది. అంగీకరించే ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి జవాబు రాతలో తీసుకోండి. తగ్గిస్తామంటే, సొమ్ము వచ్చే సెమిస్టర్‌కి మార్చమనో రెండు విడతలుగా ఇవ్వమనో నిధివాళ్లను అడగండి.