కెనడా వెళ్లే ముందు ఏ ఇంగ్లీషు నేర్పాలి?

ప్రశ్న: మేడమ్, మా పై పోర్షన్‌లో ఒక అఫ్గాన్ కుటుంబం ఉంటోంది. శరణార్థులుగా కెనడా వెళ్లడానికి అనుమతి వచ్చింది, ప్రయాణం తేదీ ఇంకా తెలియదు. భర్తకు ఇంగ్లీషు కాస్త వచ్చు. భార్య మాతో హిందీలో మాట్లాడుతుంది, ఏబీసీడీలు కూడా రావు. నన్ను నేర్పమంటోంది. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను, టీచర్ని కాను. గ్రామర్‌తో మొదలుపెట్టనా? ఇంగ్లీషు పరీక్ష పాసవకపోతే వీసా రాదని ఎవరో చెప్పారట, ఒకటే టెన్షన్ పడుతోంది.
- ఒక పాఠకురాలు, హెణ్ణూరు, బెంగళూరు

జవాబు: ముందు ఆ టెన్షన్ తీసెయ్యండమ్మా. శరణార్థులుగా తీసుకునేవాళ్లకు కెనడా ఇంగ్లీషు పరీక్ష పెట్టదు. పాస్ చేయిస్తాం, ఫైలు కదుపుతాం అని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వద్దని చెప్పండి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఏ పనికీ ఫీజు తీసుకోదు. బయల్దేరే ముందు ఐఓఎం అనే అంతర్జాతీయ వలస సంస్థ పెట్టే ఓరియెంటేషన్ కూడా ఉచితమే. అందులో అక్కడి ఇళ్లు, బడులు, ఉద్యోగాల గురించి చెప్తారు, భాష నేర్పరు. భాషకు అక్కడ 1992 నుంచి 'లింక్' అనే ప్రభుత్వ కోర్సు ఉంది, దానికీ పైసా కట్టక్కర్లేదు.

కాబట్టి గ్రామర్ వాళ్లకు వదిలెయ్యండి. దిగిన మొదటి వారాలు గడిచే ఇంగ్లీషు చాలు. ఆమె అఫ్గానిస్తాన్‌లో మాట్లాడే దరీ భాష చదివినావిడైతే కుడి నుంచి ఎడమకు రాసే అలవాటు, అంకెల రూపాలు కూడా వేరు. అందుకని అంకెలు, అక్షరాలు, తన పేరు స్పెల్లింగ్ ముందు. కెనడా పిన్‌కోడ్‌లో అక్షరం, అంకె మార్చి మార్చి ఆరు వస్తాయి. అది పైకి చెప్పలేకపోతే ఇంటి అడ్రస్ చెప్పలేనట్టే. పుట్టిన తేదీ కూడా చూడండి. వాళ్ల క్యాలెండర్‌లో ఏడాది మార్చిలో మొదలవుతుంది. ఇంట్లో అనుకునే తేదీ ఏదైనా, కాగితాల్లో ఉన్నదే తడుముకోకుండా చెప్పాలి.

తర్వాత 'ప్లీజ్ స్పీక్ స్లోలీ', 'ఐ నీడ్ ఎ దరీ ఇంటర్‌ప్రిటర్'. ఈ రెండూ నోటికి వచ్చేదాకా వదలకండి. ఎదురుగా కూర్చుని కాదు, మీరు కింది నుంచి ఫోన్ చేసి డాక్టరు దగ్గర రిసెప్షనిస్టులా మాట్లాడండి. మొహం కనిపించకపోతే సగం ఇంగ్లీషు ఎగిరిపోతుంది, నాకూ అంతే! ఇస్కూల్ అంటే అననివ్వండి, మన ఊళ్లలో అనడం లేదా?

క్లాసప్పుడు భర్త పక్కనుంటే ప్రతి ప్రశ్నకూ ఆయనే జవాబు చెప్పేస్తాడు. ఆ గంటసేపు ఆయన్ని కూరగాయలకు పంపండి.