ఫైలు మంత్రిగారి దగ్గరికి వెళ్లింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఇంటి వెనక పొలంలో 180 ఇళ్లకు కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు, బిల్డరు అప్పీలుకు వెళ్లాడు. తుది నిర్ణయం మంత్రిదేనని ఇప్పుడు ఉత్తరం వచ్చింది. వానొస్తే ఆ పొలం చెరువే. వీధంతా సంతకాలు పెట్టి మంత్రికి పంపితే పనవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ కాగితాలు మంత్రికి కాదు, విచారణకు చేరాలి. మామూలుగా ప్లానింగ్ (కట్టడాల అనుమతి) అప్పీళ్లను ప్రభుత్వం తరఫున వచ్చే ప్లానింగ్ ఇన్‌స్పెక్టరే తేల్చేస్తారు. 150 ఇళ్లు దాటినవాటి వంటి కొన్నింటిని మంత్రి తన చేతిలోకి తీసుకోవచ్చు. అప్పుడు కూడా సాక్ష్యాలు వినేది, పొలం చూసేది, రిపోర్టు రాసేది ఇన్‌స్పెక్టరే. మంత్రి దాన్ని కాదనవచ్చు. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఎం అండ్ ఎస్ దుకాణం పాత భవనం కూల్చి కట్టుకోవచ్చని ఇన్‌స్పెక్టర్ చెప్పినా, 2023 జులైలో అప్పటి మంత్రి మైకేల్ గోవ్ వద్దన్నారు. 2024 మార్చిలో హైకోర్టు గోవ్ నిర్ణయాన్ని కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో ఆ తర్వాతి మంత్రి ఏంజెలా రేనర్ అనుమతి ఇచ్చారు. మంత్రి మాటకైనా కారణాలు నిలవాలి, ఆ కారణాలకు పునాది విచారణలో పడుతుంది.

మా ఊళ్లోనూ ఇలాంటిదే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ పొలం చూడటానికి వచ్చిన రోజు అక్కడ వాదించకూడదు, చూపించడం వరకే. మా పక్కింటావిడ కంచె కింది కాలువ చూపించి, ‘నీళ్లు ఈ కమ్మీ దాకా’ అని ఊరుకుంది. అంతకుముందే విచారణలో తేదీలు రాసిన పన్నెండు ఫొటోలు ఇచ్చి ఉంది. రిపోర్టులో ఆ కాలువ మీద ఓ పేరా వచ్చింది, మా నాలుగొందల సంతకాలకు ఒక్క వాక్యం. విచారణ ముగిశాక నేను రాసిన ఉత్తరం ఊసే లేదు. అది నాకిప్పటికీ బాధే.

కాబట్టి మీ ఉత్తరంలోని గడువు చూసుకోండి. ఎవరింట్లోకి, ఏ రోజు, ఎంత ఎత్తున నీళ్లొచ్చాయో ఎవరికి వారు విడిగా రాయండి. విచారణలో మాట్లాడతామని ముందే చెప్పండి, ఇన్‌స్పెక్టర్ సాధారణంగా అవకాశం ఇస్తారు. ఇంగ్లిషు తడబడుతుందని వెనక్కి తగ్గకండి, కాగితం మీద రాసుకుని చదవొచ్చు.

అనుమతి వచ్చేస్తే ఇరుగుపొరుగుకు మళ్లీ అప్పీలు లేదు. హైకోర్టుకు ఆరు వారాల్లోపే వెళ్లాలి, అదీ చట్టపరమైన తప్పుంటేనే. నిర్ణయం వచ్చిన రోజే లాయరుతో మాట్లాడండి.