కొర్రమీనుకు రెండో పంపు ఎందుకు?

ప్రశ్న: మృగశిర కార్తె రోజు మా బాబును నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు చేప ప్రసాదానికి తీసుకెళ్లాం. కౌంటర్లో కొన్న కొర్రమీను పిల్లను చూశాక వాడు నోరు తెరిస్తే ఒట్టు. చివరికి మందు బెల్లంతో వేయించాం. చేపపిల్లను ఇంటికి తెచ్చి, గప్పీలున్న రెండడుగుల తొట్టిలో వదిలాం. గప్పీలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఇదేమో మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరుస్తోంది. ఆక్సిజన్ చాలట్లేదంటూ షాపతను రెండో ఎయిర్ పంపు అమ్మాడు. అయినా అదే తీరు. బతుకుతుందా?
— ఓ తల్లి, ఉప్పల్

జవాబు: బతుకుతుందమ్మా, ముందు ఆ రెండో పంపు పీకేయండి. కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవు. మొప్పల పైన, తలలో, గాలి పీల్చే అరలుంటాయి. పైకొచ్చి గుక్కెడు గాలి మింగాల్సిందే. ఆ దారి మూస్తే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అందుకే తొట్టిని అంచుదాకా నింపకుండా, పైన నాలుగంగుళాలు ఖాళీ ఉంచండి.

అలాగని మూత తీసేయొద్దు. ఓ రాత్రి మూత మీద బరువు పెట్టడం మరిచి పడుకున్నాను. పొద్దున తొట్టి ఖాళీ. నేల మీద తడి గీత ఒకటి బాత్రూం దాకా పోయింది. తలుపు వెనక తడి పట్టా మీద, ఒళ్లంతా దుమ్మూ వెంట్రుకలూ అంటుకుని పడుంది మా కొర్రమీను. పోయిందనే అనుకున్నా. తొట్టిలో వేస్తే కాసేపు అడుగునే ఉండి, మెల్లగా పైకొచ్చి 'గుబుక్' మని గాలి మింగింది. చెరువులెండితే బురదలో దూరి బతికే జాతి మరి! అప్పటి నుంచీ మూత మీద రెండు ఇటుకలు పెడుతున్నాను.

గప్పీలు ఏమయ్యాయో మీకూ తెలుసు, అడగడానికి మొహమాటపడ్డారంతే. ఇంకో చేపను జత చేయకండి, ఇంకో కొర్రమీనునైనా సరే. చిన్నదైతే దాన్నీ మింగుతుంది. వానపాములు, పొట్టు తీసిన పచ్చి రొయ్య ముక్కలు వేయండి. మిగిలినవి వెంటనే తీసేయాలి, లేకుంటే నీళ్లు కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. పంపు లేకున్నా నడుస్తుంది గానీ ఫిల్టర్ తప్పదు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్లో తెరిచి ఉంచి పోయండి.

అసలు చిక్కు సైజుతో. ఇప్పుడు వేలెడుంది గానీ ఇది అడుగున్నర, రెండడుగులు పెరిగే చేప. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంటే దాదాపు 250 లీటర్ల తొట్టి పెట్టే చోటుందా మీ ఇంట్లో? తెలంగాణ రాష్ట్ర చేపే అయినా హాలు సగం ఇవ్వలేం కదా. (అమెరికాలోనైతే ఈ జాతి చేపల్ని ప్రాణాలతో దిగుమతి చేసుకోవడాన్ని 2002లోనే నిషేధించారు.)

చోటు లేకుంటే పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇప్పుడే ఇచ్చేయండి. దగ్గర్లోని చెరువులో మాత్రం వదలొద్దు. షాపు గప్పీల రోగాలేవైనా ఇది మోసుకెళ్తే చెరువు చేపలకు అంటుకుంటాయి. ఇంట్లో ఎవరో ఒకరు పులుసు మాట ఎత్తక మానరు. బాబు ముందు వద్దు, తొట్టిలో మందులు వేసి ఉంటే అసలే వద్దు.