టెక్ సందేహాలు: అమ్మాయి చేతికి ఏ కార్డు ఇవ్వాలి?

ఈ వారం అందిన ఉత్తరాల్లో మూడు ఒకే వస్తువు, ప్రీపెయిడ్ కార్డు గురించి ఉన్నాయి. హాస్టల్లో చేరబోయే కూతురి తండ్రి ఒకరు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని ఒకరు, తిరుమల కొండకు బాడుగ కారు నడిపే డ్రైవరు ఒకరు వాటిని రాశారు. ఒకప్పుడు ప్రీపెయిడ్ అంటే సెల్‌ఫోన్ రీచార్జి మాత్రమే గుర్తుకొచ్చేది. ముందుగా డబ్బు నింపుకొని, నింపినంత మేరకే ఖర్చు పెట్టుకునే కార్డు ఇప్పుడు వయసుతోనూ సంపాదనతోనూ నిమిత్తం లేకుండా అందరి చేతుల్లోకి వస్తోంది. అయితే డబ్బు నింపేవారు ఒకరు, వాడేవారు మరొకరు కావడంతోనే చిక్కులు మొదలవుతున్నాయి.

ప్రశ్న: మేము పలమనేరులో ఉంటాము. పదిహేడేళ్ల మా అమ్మాయి తిరుపతిలో డిగ్రీలో చేరుతోంది. చేతి ఖర్చులకు నెలకు మూడు వేలు పంపాలి. పిల్లల కోసమంటూ ఒక యాప్ వారు ఇస్తున్న ప్రీపెయిడ్ కార్డు తీసుకోవచ్చా? బ్యాంకు ఖాతా మేలా?

జవాబు: తీసుకోవచ్చు. కానీ కార్డు మీది రంగుల బొమ్మ కంటే ముందు, అది ఏ తరగతికి చెందినదో చూడండి. 2021 ఆగస్టు 27న రిజర్వ్ బ్యాంకు జారీ చేసిన నిబంధనల ప్రకారం, ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ, ఒక గుర్తింపు పత్రం సంఖ్య వంటి కొద్దిపాటి వివరాలతో ఇచ్చే చిన్న తరహా కార్డులో నిల్వ ఎప్పుడూ 10,000 రూపాయలు మించకూడదు. అందులో నెలకు 10,000, ఏడాదికి 1,20,000 రూపాయలకు మించి నింపడానికీ వీలు లేదు. మీరు పంపే మూడు వేలకు ఈ హద్దులు అడ్డు కావు. అడ్డు వచ్చేది మరొకటి: ఈ తరగతి కార్డుతో ఏటీఎంలో నగదు తీయలేరు, మరొకరికి డబ్బు పంపలేరు, వస్తువులూ సేవలూ మాత్రమే కొనగలరు. పూర్తి కేవైసీ, అంటే గుర్తింపు వివరాల పూర్తి తనిఖీ, చేసిన కార్డులో 2,00,000 రూపాయల దాకా ఉంచుకోవచ్చు, దానిని యూపీఐతో కలుపుకోవచ్చు. బ్యాంకు కాని సంస్థ ఇచ్చినదైతే నగదు ఒకసారికి 2,000, నెలకు 10,000 రూపాయల వరకే తీయగలరు.

కాలేజీ గేటు ఎదుట ఇడ్లీ బండి దగ్గర ఒక్క నిమిషం నిలబడితే ఈ తేడా ఎంత పెద్దదో మీకే తెలుస్తుంది. అక్కడ స్వైపింగ్ మిషన్ ఉండదు. గాజు పెట్టెకు అంటించిన క్యూఆర్ స్టిక్కరు, దాని పక్కన అందిన మొత్తాన్ని బిగ్గరగా చదివే చిన్న స్పీకరు పెట్టె మాత్రమే ఉంటాయి. యూపీఐ లేని కార్డు పర్సులో ఎంత అందంగా ఉన్నా అక్కడ ఉపయోగపడదు.

కాబట్టి మీ అమ్మాయికి బ్యాంకు పొదుపు ఖాతానే ముందు తెరవమని నా సలహా. పదేళ్లు నిండిన పిల్లలు, బ్యాంకు నిర్ణయించే పరిమితులకు లోబడి, సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. ఖాతాలోని డబ్బుకు వడ్డీ వస్తుంది, ప్రీపెయిడ్ నిల్వకు రాదు. ప్రీపెయిడ్ కార్డును ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఉంచండి; వివరాలు ఎక్కడైనా బయటపడినా, పోయేది అందులో నింపినంతే. కార్డుకు వార్షిక రుసుము ఉందేమో కూడా చూసుకోండి. మూడు వేల ఖర్చు కోసం ఏటా వందలు కట్టడం నాకు సబబుగా తోచదు.

ప్రశ్న: మా అబ్బాయి పండుగకు 5,000 రూపాయల గిఫ్ట్ కార్డు పంపాడు. చిత్తూరులో చీర కొంటే బిల్లు 5,340 అయింది. మూడుసార్లు గీకినా మిషన్ ఒప్పుకోలేదు. అందరి ముందు చిన్నతనంగా అనిపించింది. కార్డు చెడిపోయిందా?

జవాబు: కార్డు బాగానే ఉందమ్మా. బిల్లు నిల్వను మించింది కనుక మిషన్ మొత్తం లావాదేవీనే తిరస్కరించింది. ఉన్నంత తీసుకొని మిగతాది అడిగే తెలివి దానికి లేదు. ఈసారి క్యాషియరుతో కార్డులో 5,000 మాత్రమే కొట్టమని, తక్కిన 340 నగదుగా ఇస్తానని ముందే చెప్పండి. గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలకు మించదు, దానిని మళ్లీ నింపలేరు, నగదుగా మార్చలేరు. చివర చిల్లర మిగిలితే సరిగ్గా అంతే మొత్తానికి ఏదైనా కొనడం ఒక మార్గం.

గడువు దాటిన కార్డును పారేయకండి. నా సొరుగులో మరిచిపోయిన ఒక కార్డులో 412 రూపాయలు ఉండిపోయాయి. రెండు ఈమెయిళ్లు రాశాక గానీ ఆ సంస్థ వాటిని నా బ్యాంకు ఖాతాలో వేయలేదు. గడువు ముగిశాక అడిగినా మిగిలిన సొమ్మును ఖాతాకు తిరిగి ఇవ్వాలన్నదే నిబంధన. అయితే గడువు పొడిగిస్తామంటూ తామే ఫోన్ చేసి ఓటీపీ అడిగేవారు మోసగాళ్లే. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నాకు ఏ కార్డూ లేదు. ఓనరు కారు నడుపుతాను. అలిపిరి దగ్గర ఫాస్టాగ్ అడుగుతున్నారు. అది ఓనరు నంబరు మీద ఉంది. నా ఫోన్ నుంచి డబ్బు వేయవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా వేయవచ్చు. కార్డు లేదన్నారు గానీ, టోలు కట్టడానికి కారు అద్దానికి అంటించిన ఆ ఫాస్టాగ్ ట్యాగు కూడా ప్రీపెయిడ్ సాధనమే. యూపీఐ యాప్‌లో ఫాస్టాగ్ రీచార్జి విభాగానికి వెళ్లి, ట్యాగు ఇచ్చిన బ్యాంకును ఎంచుకొని, కారు నంబరు కొట్టండి. తెర మీద ఓనరు పేరు కనిపిస్తే అది సరిగ్గా ఆయనదేనా అని చూసుకున్నాకే డబ్బు కట్టండి. నంబరులో ఒక్క అంకె తప్పితే మీ డబ్బు వేరే బండికి చేరుతుంది. రీచార్జి అయినట్టు, టోలు కోసినట్టు సందేశాలు ఆయన ఫోన్‌కే వెళ్తాయి కనుక, మీరు కట్టిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నెలాఖరున ఆయనతో లెక్క చూసుకునేటప్పుడు అది పనికొస్తుంది.